పేరు ముందొచ్చింది

గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు.
మరిది కళ్ళెం పట్టుకు నడుస్తుంటే
నాలుగు గంటలు గుర్రం మీద కూర్చుని వచ్చింది మాపులానే.
దిగేటప్పుడు ఒక చెయ్యి నడుం మీద,
ఒక చెయ్యి దుప్పటి పిన్ను మీద.

మలోటి కొండల్లో మా క్లినిక్ అంటే
రెండు గదులు, ఒక తూకం, ఒక గ్యాస్ పొయ్యి,
పదకొండేళ్ళుగా నేను.

తూకం ఎక్కమంటే బూట్లు విప్పింది.
వాటి బరువు బిడ్డ లెక్కలో పడకూడదట.
మూత్రంలో ముంచిన చీటీ
పచ్చబడిందో లేదో తేల్చుకోలేక కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను.
చీలమండ మీద బొటనవేలు నొక్కి తీశాను.
గుంట గుంటలాగే ఉండిపోయింది,
తడి మట్టిలో గొర్రె గిట్ట దిగినట్టు.
చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను.
ముల్లు దిగుతూ దిగుతూ
నాకు నచ్చని అంకె దగ్గర చప్పుడు మొదలుపెట్టింది.
కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ కొట్టాను.
మళ్ళీ అక్కడే.

"లోపల ఏం చేస్తోంది?" అని అడిగింది,
పక్కింటి కబురు అడిగినట్టు.

ముప్ఫై నాలుగో వారం కదా,
గోళ్ళు వేలి కొసల దాకా వచ్చుంటాయి.
ఒంటి మీది నూగు రాలిపోతూ ఉంటుంది.
ఊపిరితిత్తులు ఇంకా పని నేర్చుకుంటున్నాయి,
నీళ్ళలో ఉండి గాలికి సాధన.
అప్పుడప్పుడూ వెక్కిళ్ళు. భయపడకు.
దారి పొడుగునా నువ్వు గుర్రాన్ని తిట్టిన తిట్లన్నీ
వినే ఉంటుంది.

నవ్వింది. నవ్వుతో పాటు కడుపూ ఊగింది.

చెక్క బూర బొడ్డుకి ఎడమగా ఆనించి
చెవి పెట్టి చేతులు తీసేశాను.
ముందు ఆమె పేగుల గుడగుడ,
తర్వాత బయట గుర్రం నేలని తన్నిన చప్పుడు,
ఆ తర్వాత, ఎక్కడో చాలా లోతున,
పరుగు.

"నాకూ వినిపించు."
ఈ బూర అందరికీ వినిపిస్తుంది, ఒక్క తల్లికి తప్ప.
ఎవరి కడుపుకి వాళ్ళు చెవి ఆనించుకోలేరు.
అందుకని చెవి తియ్యకుండా
ఆమె అరచేతిలో వేలితో కొట్టాను,
అదే వేగం, అదే వరస, నిమిషం పాటు.
నూట నలభై రెండు.
నేను ఆపేశాక కూడా ఆమె గుప్పిలి తెరవలేదు.

మా దగ్గర అత్తవారింట అడుగుపెట్టిన రోజే
కోడలికి కొత్త పేరు.
ఆ ఏడు చినుకు లేదు, జొన్న మాడిపోయింది.
పులానే అంటే వానపిల్ల.
వానపిల్ల తల్లీ, నీళ్ళు తే.
వానపిల్ల తల్లీ, పొయ్యి రాజెయ్యి.
లేని బిడ్డకి తల్లిగా ఆరేళ్ళు పలికింది.
"ఖాళీ కుండని పేరు పెట్టి కొట్టినట్టుండేది" అంది,
బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగబోయి, వంగలేక.

తాళ్ళు నేను కట్టలేదు.
ఇంటికి వెళ్ళొద్దు, అన్నాను.
క్లినిక్ వెనక గుండ్రటి గుడిసె ఉంది,
ముగ్గురు ఉన్నారు, నువ్వు నాలుగోదానివి.
రోజుకి రెండుసార్లు పట్టీ కడతాను.
ముల్లు ఇంకా ఎక్కితే కింద పట్నానికి జీపు పిలుస్తాను.

కోళ్ళు, అంది. పిన గొర్రె, అంది.
మరిదికి రొట్టె కాల్చడం రాదు, అంది.
చివరికి మెల్లగా,
"మగపిల్లాడైతే?"
పులే అందాం. కాస్త కురచ వాన.

మరిది ఒక్కడే ఎక్కి వెళ్ళాడు, జీను మీద చోటు వదిలి.

రాత్రి మందు ఇవ్వడానికి లాంతరుతో వెళ్తే
గుడిసెలో ఎవరో పిలుస్తున్నారు,
"మాపులానే, నిద్రపట్టిందా?"
చీకట్లో జవాబు రాలేదు.
దుప్పటి కింద మాత్రం
కడుపు ఒక పక్కకి లేచింది,
పిలిచింది తననే అన్నట్టు.

పొద్దున ముల్లు రెండు గీతలు దిగింది.
రెండే.
కార్డు మీద పెన్సిల్‌తో రాశాను.