పత్తాకు కాదు

మొదటిరోజు దాన్ని జూసి నవ్విన.
నయీంనగర్‌ల మూడంతస్తుల మేడ మీద
చైనా గోలెంల
పత్తిచెట్టు పెంచుకుంటున్నదేంది ఈ డాక్టరమ్మ అని.
ఐదు వేళ్ళు చాపిన అదే ఆకు,
కాకపోతే జర సన్నం, జర నాజూకు.
"పత్తి కాదు ఓదెమ్మా, మేపుల్" అన్నది.
పేరు నా నోట్ల తిరుగలేదు.
"మాపుల" అన్న.
ఆఖరికి ఆమె కూడ గట్లనే పిలువవట్టె.

ఆమె చర్మం డాక్టరు.
మనుషుల మచ్చలను అద్దం పెట్టి చూస్తది.
దీని మచ్చ కాడ మాత్రం
ఫోన్ల ఫొటో తీసి ఎవరికో పంపి
ముందుగాల మందు పేరు అడుగుతది.

ఆగమన్న.
ఆత్మకూరు కాడ మూడెకరాల చెలకల
ఇరవైరెండేండ్లు ఆకులను తిప్పి చూసిన చేతులివి.
పైనుంచి చూస్తే సగమే తెలుస్తది,
అసలు ముచ్చట కింది పక్క ఉంటది.

అంచులు ఎండి, నడుమ పచ్చగుంటే
అది రోగం గాదు.
రోహిణికార్తె. డాబా సిమెంటు. పడమటి గోడ.
ఏ మంచుదేశంల పుట్టిందో,
ఓరుగల్లు ఎండకు పెదవులు పగిలినయి, గంతే.
గోలెం తూర్పుకు జరిపి
పాత చీరతోని పందిరి కట్టిన.

వానాకాలం రాంగనే బూడిద.
విభూతి పూసినట్టు లేతాకుల మీద తెల్లగ.
వేలితో తుడిస్తే పోయింది, మాపటికి మల్ల వచ్చింది.
కొమ్మల నడుమ గాలి ఆడకుంటే వచ్చే తెగులది.
గుబురు పలుచన చేసి
పొద్దుగూకంగ గంధకం నీళ్ళు కొట్టిన.
ఎండల కొడితే ఆకు మాడుతది,
గీ సంగతి డబ్బా మీద చిన్నక్షరాలల్ల ఉంటది.

భాద్రపదంల గుండె జారింది.
ఒక్క పక్క కొమ్మ, అదొక్కటే,
మొదట్ల తడి ఉన్నా తల వాల్చింది.
బ్లేడుతో ఏటవాలుగ కోసి చూపిన:
తెల్లని కట్టె లోపట
పాచిరంగు చార, సిరా ఇంకినట్టు.
"దీనికేం మందు?"
మందు లేదు డాక్టరమ్మా.
మట్టిలకెల్లి ఎక్కి నీళ్ళ తొవ్వల కూసున్నది.
చార కనపడని కాడిదాంక కోసుడే.
కోతకోతకు కత్తెర స్పిరిటుల ముంచుడే.
కోసింది ఎరువుకుప్పల వెయ్యద్దు, కాల్చాలె.
ఆమె మొఖం చూసిన.
దినాం ఎందరికి చెప్తదో ఈ మాట,
తనకు ఎవ్వరూ చెప్పినట్టు లేరు.

మైలుతుత్తం ఒక చిప్పల, సున్నం ఒక చిప్పల
నానవెట్టి కలిపిన.
ఇనుపచాకు ముంచి తీస్తే ఎర్రగయింది.
సున్నం చాలలేదన్నట్టు.
మల్ల చిటికెడు. మల్ల ముంచుడు.
చాకు ఎట్ల పోయిందట్ల తెల్లగ వచ్చినంక
కోసిన కాడ ఆ నీలిముద్ద పూసిన.

మా చెలక ఎర్రబారిన యేడు
గింత ఓపిక లేకపాయె.
దుకాణపాయన ఇచ్చిన ఏడు సీసాలు
ఒక్క డ్రమ్ముల కలిపి కొట్టినం.
నా కాళ్ళ కడియాలు ఆ డ్రమ్ములనే కరిగినయి.
తర్వాత తెలిసింది,
పురుగు లేదు, తెగులు లేదు,
భూమికి మెగ్నీషియం తక్కువైందంట.
ఆకు ఉప్పు అడిగింది.
మేం విషం పోసినం.

ఇప్పుడు ఈమె ఒక్కటే అడుగుతది:
"ఎర్రగ ఎప్పుడైతది ఓదెమ్మా?"
ఎరుపు కోసమే కొన్నదంట, పదిహేనువేలు పెట్టి.
నేనేమో ఎరుపును చూసి నిద్రపోనిదాన్ని.

పుష్యమాసం. సలి జర గట్టిగనే ఉన్నది.
పొద్దున నీళ్ళు పోస్తాంటే
మిగిలిన కొమ్మ కొసన ఒక్క ఆకు,
అంచు మీద కుంకుమ.
చెయ్యి తనంత తానే పోయింది గిల్లెయ్యనీకి.
కింది పక్క తిప్పి చూసిన. పురుగు లేదు.
తొడిమె చూసిన. గట్టిగనే ఉన్నది.
మల్ల తిప్పిన.

మెట్ల మీద ఆమె చెప్పుల సప్పుడు.
ఆకు ఇంకా
నా రెండు వేళ్ళ నడుమనే ఉన్నది.