పదిహేడో బండి

తెల్లారగట్ల మూడున్నరకి
స్పూన్ క్రీక్ దారి మొదట్లో బండి ఆపేసరికి
అప్పటికే పదహారు.
లెక్కపెట్టాను. రెండుసార్లు.
హెడ్‌లైట్లు ఆర్పకుండా లెక్కపెట్టినందుకు
ఏదో గుడారంలోంచి ఎవరో తిట్టారు.

పోయినేడాది తొమ్మిది.
అంతకుముందు, అడవి తగలబడిన ఏడాది, నాలుగు.
మొట్టమొదట ఈ మలుపులో ఆగిన సెప్టెంబరులో
నా ట్రక్కు ఒక్కటే.
ఇంజను చల్లారుతూ టిక్కుటిక్కుమంటే
కొండంతా చెవి పెట్టి వినేది.

ఇసకేస్తే రాలదంటారే,
ఇవాళ పైన్ చెట్టు ఒక్క సూది రాల్చినా
ఎవరో ఒకరి టోపీ మీదే పడుతుంది.

బానెట్టుకి ఆనుకుని కాఫీ పోసుకున్నాను.
కొండ మీదికి నుదుటి దీపాలు పాకుతున్నాయి
పంచదార డబ్బా కనిపెట్టిన చీమల్లా.
పై గట్టు దగ్గర ఒక దీపం ఆగింది.
ఎదురుగా ఇంకోటి ఆగింది.
రెండూ ఒకదాని మొహంలోకి ఒకటి చూసుకున్నాయి.
ఇంత దూరానికి మాటలు వినబడవు.
వినక్కర్లేదు.
"ఇది నా చోటు" అని నేనూ అన్నదాన్నే,
ఓ వానరోజు, ఒక తండ్రితో.
పక్కనే పన్నెండేళ్ల కూతురు,
వాళ్ల నాన్న ఎత్తుకి సరిపోయే విల్లు పట్టుకుని.
ఆ పిల్ల తలొంచి తన బూట్లకేసి చూసుకుంది.
ఆ చూపు ఇంకా ఈ మలుపులోనే ఉంది.

నేల సర్కారుది. అంటే అందరిదీ.
అంటే ఆ పిల్లది కూడా.
ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందని సామెత.
కొండ చావలేదు.
ఇరుకైంది, అంతే.

అందరూ ఎక్కారు గనక నేను దిగాను.
కింద లోయలో మాడిన చెట్లు
ఒలికిపోయిన అగ్గిపుల్లల్లా అడ్డదిడ్డంగా.
మోకాళ్ల మీద ఆశ ఉన్నవాళ్లెవరూ రారు.
నావి రెండూ ఎలాగూ పోయాయి.

ఏడింటికి కూత.
ముందు తలుపు కీచుమన్నట్టు,
తర్వాత ఆకాశాన్ని గీరే ఈల,
చివర మూడు గురకలు.
పోతు ఎల్క్! ఒళ్లు జల్లుమంది.
గొట్టం నోట పెట్టి తిరిగి కూశాను.
కోపంగా జవాబు.
నేను ఇంకా కోపంగా.
వాడు దగ్గరికొస్తున్నాడు, కొమ్మలు విరుగుతున్నాయి,
నేనూ పాకుతున్నాను, బాణం సంధించి, గాలి చూసుకుంటూ,
అరవయ్యొక్క ఏళ్ల బస్సు డ్రైవర్ని
అడవికి రాజునైపోయి.

నలభై నిమిషాల తర్వాత
ఫర్ చెట్ల సందులోంచి బయటికొచ్చింది
ఓ నల్లటి ప్లాస్టిక్ గొట్టం.
దాని వెనక ఒక కుర్రాడు.

ఒకరినొకరు చూసుకున్నాం.
విల్లులు దించాం.
"మీ చివరి గురక చాలా బావుందండీ" అన్నాడు.

పేరు రస్టన్. పొకటెల్లోలో ప్లంబరు.
ఏడాదికి దొరికే సెలవు నాలుగు రోజులట,
ఇది మూడోది.
వాడు నిలబడింది సరిగ్గా నా దుంగ పక్కన,
ఇరవై రెండేళ్లుగా నేను కూర్చునే దుంగ.
ఆ మాట గొంతు దాకా వచ్చింది.
చల్లారిన కాఫీతో మింగేశాను.
"కూర్చో" అన్నాను.
ఉడికించిన గుడ్లు రెండే ఉన్నాయి.
ఉప్పు వాడి దగ్గరుంది.

ఆ రోజంతా ఒక ఉడత తప్ప
మాకేమీ కనిపించలేదు.

చీకటి పడ్డాక బళ్ల దగ్గరికొస్తే
అక్కడో గుంపు.
పై గట్టు మీద కొట్లాడుకున్న ఇద్దరూ కాబోలు
భుజం భుజం రాసుకుంటూ వంగి
ఒకే టార్చి వెలుగులో చూస్తున్నారు:
నా వెనక టైరు పక్కన
నల్లద్రాక్షల్లాంటి పెంటికలు, కుప్పగా.
వేలు పెట్టి చూశాను. ఇంకా వెచ్చగా.
డెక్కల గుర్తులు బళ్ల మధ్యలోంచి
తీరిగ్గా, ఒక్కో బండీ చూసుకుంటూ నడిచాయి.
ఎవరి బంపరో నాకి, దుమ్ము లేకుండా మెరుస్తోంది.

ముందెవరు నవ్వారో తెలీదు.
తర్వాత పదిహేడు బళ్ల వాళ్లమూ నవ్వాం,
ఏ ఎల్క్ ఉన్నా జడుసుకు పారిపోయేంత గట్టిగా.

"రేపెన్నింటికొస్తారు?" అని ఎవరో అడిగారు.
ఐదింటికన్నాను.
రస్టన్ ఐదున్నరకన్నాడు.
అందరం అబద్ధమే చెప్పి
బండి తలుపులు మెల్లగా వేసుకున్నాం.