పంతొమ్మిది మైళ్లు

కొనేముందు గెథిన్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు,
గుర్రం పళ్లు చూసే సంతబేరగాడిలా
టైర్ల మీది తేదీలు వంగి చదివాడు.
నేను మాత్రం అలమరలు తెరిచి వాసన చూశాను.
చెమ్మ సంగతి యంత్రం కంటే ముక్కే ముందు చెబుతుందని
మా అత్త మాట.
ఎడమ కిటికీ కింద కాస్త ఉంది.
ఆ కాస్తకి తొమ్మిది వందల పౌండ్లు తగ్గించి
పాత కెటిల్ ఒకటి ఊరికే ఇచ్చాడు అమ్మినాయన.

పద్నాలుగేళ్ల బండి. నలుగురికి పడకలు.
మోచేతులు దగ్గరికి పెట్టుకుంటేనే పట్టే స్నానాలగది.
ఇల్లు కట్టి చూడమన్నవాళ్లు
చక్రాల ఇల్లు కొని చూడమనలేదెందుకో!
బీమా, వాయిదా, గ్యాస్ తనిఖీ,
చలికాలం ఓ మూల నిలిపినందుకూ అద్దె.
నిద్రలో కూడా మేత మేసే పశువు.

సరే, అద్దెకిద్దాం అనుకున్నాం.
వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు.
జూన్‌లో రెండు వారాలిస్తే చాలు,
మిగతా వేసవంతా మనదే.

జూన్ నిండింది. జూలై నిండింది.
ఆగస్టు కోసం ముగ్గురు పోటీపడ్డారు.
మాబ్లి గోడ మీది కేలెండర్లో
మా ప్రయాణాన్ని పెన్సిల్‌తో రాసేది,
చెరిపేది, ఇంకో గడిలో రాసేది.
రబ్బరు రాపిడికి కాగితం పలచబడి
వెనకున్న నెల కనిపించసాగింది.

ఇక శనివారాలు.
పదింటికి ఒకరు తాళం ఇచ్చేస్తారు
నాలుగింటికి మరొకరు పుచ్చుకుంటారు
మధ్యలో నేను పరుపుల కింద ఇసుక ఊడుస్తాను,
ముఖం పక్కకు తిప్పుకుని గెథిన్
టాయిలెట్ డబ్బా మోసుకెళ్తాడు.
ఏ తీరం ఇసుకో.
మేం చూడని ఊళ్లన్నీ నా చేటలోకి వచ్చాయి.
సొరుగులో ఒంటి చెవిపోగు,
సగం ఖాళీ అయిన నిమ్మబిళ్లల పొట్లం,
పై పడక చెక్క మీద
ఎవరి పిల్లో గీసిన గొర్రె.
"అది నా పడక" అని మాబ్లి ఏడ్చింది.
వచ్చే శనివారం చూస్తే
గొర్రె పక్కన ఇంకో గొర్రె ఉంది.

సెప్టెంబరు చివర్లో ఇద్వల్ గారూ నెస్టా గారూ వచ్చారు.
డెబ్భై దాటినవాళ్లు. వారానికి డబ్బు ముందే కట్టి,
ఏ మీట దేనికో ఆయన రెండుసార్లు అడిగి,
కవరు వెనక రాసుకుని మరీ బయల్దేరారు.
తిరిగొచ్చిన రోజు
మీటరు చూసి గెథిన్ నన్ను పిలిచాడు.
పంతొమ్మిది మైళ్లు.
పోనూ రానూ కలిపి.

బండి మొరాయించిందేమోనని
క్షమాపణ గొంతులో సిద్ధం చేసుకునే అడిగాను.
"అబ్బే," అందామె, "ఏటి అవతలి ఒడ్డున ఆపుకున్నాం.
అక్కణ్నుంచి మా ఇల్లు కనబడుతుంది.
నలభై ఆరేళ్లుగా అందులోంచి బయటికి చూస్తున్నాం గానీ
అదెలా ఉంటుందో మేమెప్పుడు చూశాం?
వంటగది దీపం ఆరింటికి దానంతటదే వెలిగేలా పెట్టి వెళ్లాం.
రోజూ వెలిగింది.
ఎవరో కాపురముంటున్నట్టే ఉంది.
మంచివాళ్లే అనిపించింది."
ఆయన మాత్రం తాళంచెవి బల్ల మీద పెట్టి
పైకప్పు రేకు ఒకటి లేచిందని,
ఇక్కణ్నుంచి చూస్తే తప్ప తెలిసేది కాదని అన్నాడు.

అక్టోబరులో ఎవరూ అడగలేదు.
ఉత్తరాన స్నోడన్ కొండలదాకా అని
గెథిన్ పటం పరిచాడు. వాన.
పదకొండో మైలు దగ్గర మాక్సెన్‌కు వాంతి.
గొర్రెల దొడ్డి పక్కన, ఉన్నచోటే ఆపేశాం.
మా ఇల్లు అక్కణ్నుంచి కనబడదు.
మధ్యలో ఓ గుట్ట, మబ్బు, చీకటి.
నేను చాలాసేపు అటే చూశాను.

ఎడమ కిటికీ కింద తువ్వాలు కుక్కి
ఊరికే వచ్చిన కెటిల్‌లో నీళ్లు పెట్టాను.
అది ఈల వేసే వేళకి
పై పడక మీంచి తల వేలాడేసి
మాబ్లి అడిగింది:
"అమ్మా, దీన్ని మనం
ఎన్ని రోజులకు తీసుకున్నాం?"