ఇరవై తొమ్మిదో తారీకు

నెలాఖరు కదా, ఎవరి జేబూ మాట్లాడదు.
తలుపు తీసేది ఎనిమిదింటికి. అయినా ఏడున్నరకే వరుస
మా గుమ్మం దాటి, తాళాలు బాగుచేసే కొట్టు దాటి,
మూలనున్న మందుల షాపు పచ్చదీపం దాకా సాగింది.
రొసారియోలో జనవరి ఉక్క, దాని మీద వాన.
పరానా నది మీంచి అడ్డంగా వచ్చే వాన,
గొడుగును లెక్కచెయ్యని రకం.

ఇరవై తొమ్మిదిన న్యోకీ తినాలి ఈ ఊళ్ళో.
ఎందుకంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ:
ఓడలో ఇటలీ నుంచి వచ్చిన తాతమ్మ అంటారు,
ఎవరో సాధువంటారు.
నెలీదా మాత్రం
"జీతం అయిపోయాక ఇంట్లో మిగిలేది
బంగాళాదుంపలే గదే" అని
ఇంకో బుట్ట నా ముందుకు తోస్తుంది.

దుంపలు వేడిమీదే ఒలవాలి,
చల్లారితే జిగురు. అదొక్కటే ఆవిడ శాస్త్రం.
గుప్పెడు పిండి, చిటికెడు జాజికాయ,
ఫోర్కు వీపు మీద బొటనవేలితో ఒక్క దొర్లింపు.
కడుపున గుంట, వీపున చారలు.
ఆ చారల్లోనే సాస్ నిలుస్తుందట.
డెబ్భై ఒక్కేళ్ళొచ్చాయి,
ఆవిడ బొటనవేలికీ ఇప్పుడు అవే చారలు.

పళ్ళెం కింద నోటు పెట్టుకుని తినాలి.
వచ్చే ఇరవై తొమ్మిది దాకా దాన్ని ముట్టుకోకపోతే
డబ్బు పిల్లలు పెడుతుందని నమ్మకం.
"ముప్పై ఏళ్ళుగా మోస్తున్నా ఈ పళ్ళేలు,
పిల్లలు పెట్టింది మా ఇంటి పిల్లొక్కటే"
అంటాడు ఎవరిస్తో, నాలుగు పళ్ళేలు మోచేతి దాకా పేర్చుకుంటూ.

పళ్ళవైద్యుడు డాలరు మూల మాత్రం కనిపించేలా మడిచి పెడతాడు.
ఇద్దరు విద్యార్థులకు ఒకే పళ్ళెం, ఒకే నోటు, రెండు ఫోర్కులు.
తడిసిన చొక్కాల వాసన, వెల్లుల్లి వాసన,
ఎవరి బిడ్డో ఏడుపు.

ఏడో బల్ల సెన్యోర్ గందోల్ఫోది.
రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఎప్పుడో రిటైరయ్యాడు.
చొక్కాజేబులోంచి ప్లాస్టిక్ కవరు తీస్తాడు,
అందులో పది లక్షల నోటు.
ఆ డబ్బు చచ్చి నలభై ఏళ్ళు.
దాని తర్వాత వచ్చిన డబ్బూ చచ్చింది,
ఆ తర్వాతదీ.
కొత్త నోటు పెట్టుకోవచ్చుగా అన్నాను ఒకసారి.
"అమ్మాయీ, పొద్దున్నిచ్చిన నోటు
సాయంత్రానికి చిక్కిపోతుంది.
దీన్ని చూడు,
ఇంకా పడిపోవడానికి చోటే లేదు."

ఈ రాత్రి నెమ్మదిగా తిన్నాడు.
రొట్టెముక్కతో పళ్ళెం తుడిచి తుడిచి తిన్నాడు.
మెనూ మీద ధరల కాగితం మూడోసారి అతికించాం,
గోటితో ఓ మూల గీకి
కిందున్న చలికాలం ధర చూసి
పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు.
చిల్లరతో సహా లెక్కగా కట్టి వెళ్ళిపోయాడు.

పళ్ళెం ఎత్తాను. కవరు. ఇంకా వెచ్చగా ఉంది.
ఏప్రన్‌తోనే వానలోకి పరిగెత్తాను,
బస్సు వెనకదీపం ఎర్రగా
మందుల షాపు మూల తిరిగింది.

"టిప్పు, దాచుకో" అన్నాడు ఎవరిస్తో.
"మరిచిపోయాడు పాపం" అంది నెలీదా.
టిప్పు. మరుపు. టిప్పు.
బల్లలన్నీ తుడిచి, కుర్చీలు బోర్లించి,
ఒంటిగంటన్నరకు మిగిలినవి వడ్డించుకునేదాకా
అదే వాదన.
వచ్చే నెల అడిగితే పోలేదా అన్నాను.
గోడ కేలండర్ వైపు చూశాడు ఎవరిస్తో.
వచ్చేది ఫిబ్రవరి.
ఈ ఏడాది ఇరవై ఎనిమిదితో ఆగిపోతుంది.

ఎవరూ ఏమీ అనలేదు.
నెలీదా నాకింకో గరిటె వేసింది.
నేనా కవరును నా పళ్ళెం కింద పెట్టాను.
పళ్ళెం కాస్త ఒరిగి
సాసంతా నావైపుకు జారింది.