లాకు తలుపు

కాలువ కట్టేసిన వేసవిలో
రాజోలు గ్రంథాలయంలో దొరికిందా పుస్తకం.
అట్ట లేదు. రచయిత్రి పేరు సగం చెదలు తినగా
‘...ణిక్యాంబ’ అని మిగిలింది.
"ఎవరూ అడగరు, నువ్వే ఉంచుకో" అన్నారు బులిరాజు గారు.
రిజిస్టరులో మాత్రం రాసుకున్నారు.

నలభై మూడో పేజీలో లాకులు.
మా లాకులే!
నూనె చాలక మూలిగే చక్రం,
గట్టు మీద ఆరేసిన లస్కరు ఖాకీ చొక్కా.
అప్పటిదాకా పుస్తకాల్లో ఉండేవాళ్ళంతా
ఎక్కడో ఉండేవాళ్ళు.
మిట్టమధ్యాహ్నం లేచెళ్ళి చక్రాన్ని ముట్టుకున్నాను.
కాలింది.

రాత్రి నాన్నకి చదివి వినిపించాను.
పడవ రాగానే తలుపు తీశారనీ
నీళ్ళు గర్జిస్తూ దూకాయనీ రాసిందావిడ.
నాన్న చేపముల్లు తీసుకుంటూ నవ్వాడు.
ముప్పయ్యేళ్ళ లస్కరు మరి.
"అలా దూకవే పిచ్చిదానా!
ఇటు నీళ్ళూ అటు నీళ్ళూ ఒక మట్టానికి రావాలి.
అప్పటిదాకా ఏనుగొచ్చి నెట్టినా కదలదు.
వచ్చాక, నువ్వు నెట్టినా చాలు."

ఆవిడ మీద కోపమొచ్చింది.
ఇంత బాగా రాసి, ఇక్కడెలా తప్పింది?
ఆ ఒక్క వాక్యం దిద్దుదామని
పాల లెక్క పుస్తకం వెనక్కి తిప్పి కూర్చున్నాను.

పదకొండు పుస్తకాలయ్యాయి.
ఆ వాక్యం ఇంకా కుదరలేదు.

మొన్న అంతర్వేది నుంచి ఎవరో పిల్ల ఉత్తరం:
"మీ కథలో పాటు నీళ్ళలో పంటు రేవు చేరిందని రాశారు.
తప్పండీ. ఇసుక మేటకి తగులుద్ది.
పోటు కోసం ఆగాలి. మా అన్న సరంగు."

అడుగున ఇంకేదో రాసి కొట్టేసింది.
దీపానికి ఎత్తిపట్టి చూశాను:
‘నేనూ ఒకటి’