నార్విక్‌కి రెండు టిక్కెట్లు

మే నెల మధ్యాహ్నం. డాబాగార్డెన్స్‌లో కరెంటు పోయింది.
గోడమీది మంచుకొండల పోస్టరుకీ నాకూ
ఒకేలా చెమట.
ఈ వేసవిలో పదకొండు ప్యారిస్‌లు అమ్మాను,
తొమ్మిది స్విట్జర్లాండ్‌లు.
అందరికీ అదే పడవ, అదే వంతెన,
ఫొటో తీసుకోడానికి అదే క్యూ,
ఆఖరి రాత్రి పప్పన్నం ఉచితం.
అమ్మిన నేను పలాస దాటలేదు.

చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాడు సూరాడ పరసన్న.
పోర్టులో ముప్పై మూడేళ్లు
ఓడల కడుపులో ఎర్రరాయి పోసి
మార్చిలో దిగినవాడు.
వెనకే నూకాలమ్మ,
జాలారిపేట ఇసుకలో చేపలెండబెట్టిన చేతులు
కొంగులో చుట్టుకుని.

"జనం లేని చోటు సూపించమ్మా."
అరకు అన్నాను.
"ఆదివారం ఆ రైల్లో కాలెట్టగలమా ఏటి?"
లంబసింగి అన్నాను.
నూకాలమ్మ నవ్వింది. నాకు కాదు, ఫ్యానుకి.

అప్పుడు జేబులోంచి తీశాడు
షిఫ్టు పుస్తకంలో చింపిన కాగితం.
చెమటకి నాని, ఎండి, మళ్లీ నానిన అక్షరాలు:
కోపెర్. క్లైపెడా. కాన్‌స్టాంట్సా. నార్విక్.
"ఓడ ఎనకాల రాసుంటాది గదా, దాని ఊరు.
ఇన్నేళ్లూ ఈపులే సూశాను.
ఒక్క ఊరి మొగం సూడాల."

నార్విక్ కోసం పటంలో నా వేలు
పైకి, ఇంకా పైకి పోయింది.
ప్యాకేజీ లేదు. గైడు లేడు. పప్పన్నం లేదు.
మూడు విమానాలు, ఆనక ఒక రైలు.
ఆ పట్టాలమీదే కిరునా నుంచి ఇనపరాయి దిగుతుందని చదివి వినిపిస్తే
కుర్చీలో ముందుకి జరిగాడు.
"మనకి కిరండూల్ నుంచొచ్చినట్టే!"
గ్రాట్యుటీ డబ్బు రబ్బరుబ్యాండు విప్పి బల్లమీద పెట్టాడు.
వీసా కౌంటర్లో అడిగారట, అక్కడేముందని.
లోడరుందన్నాడట.

జూలైలో, గొడుగు లేని వానలో, తిరిగొచ్చారు.

"రాత్రి పన్నెండయినా దిగడమ్మా సూర్యుడు.
నైట్ షిఫ్టు ఏసినట్టున్నారు ఆడికి.
కంచె ఇవతల కూకుని సూశాను,
బెల్టు కదలడం, రాయి జారడం.
అదే సప్పుడు.
మా ఇద్దరికీ తోడు ఓ సీగాకి."

నూకాలమ్మకి లోడరు పట్టలేదు.
బస్సెక్కి పోయిన పల్లెలో
కర్రల పందిళ్లకి ఇంకా కొన్ని చేపలు, తలల్లేకుండా, వేలాడుతున్నాయి.
దగ్గరకెళ్లి గోటితో గీకి, నాలిక్కి రాసుకుంది.
"ఉప్పెయ్యలేదే పిల్లా! కుళ్లదా అని సైగ సేశాను.
ఆ ముసిల్ది ఊపిరి బయటికొదిలి పొగ సూపించింది.
చలే ఉప్పంట."
ఇద్దరూ ఒక బల్లమీద కూచున్నారట,
ఏ మాటా లేకుండా, గంటన్నర.

వెళ్లబోతూ పరసన్న
సున్నం డబ్బీ తీసి నా బల్లమీద తట్టాడు.
రోడ్డు పక్కన గీరి తెచ్చిన చిటికెడు ధూళి. నల్లన.
"మనది ఎర్రన, ఆళ్లది నలుపు. సూడు మరి."
ఇనప బీరువాకి అంటించిన ఈఫిల్ టవర్ అయస్కాంతాన్ని
ఊడబీకి దగ్గర పెట్టాడు.
ధూళి లేచింది.
టవర్ కాళ్లకి గడ్డం మొలిచింది.
తన పాత చొక్కా మడతలోంచి ఎర్రది కొంచెం దులిపాడు.
అది కదల్లేదు.
"మనది మొండిది," అని నూకాలమ్మ
కొంగుతో బల్ల తుడిచేసింది.

ఇవాళ పన్నెండో ప్యారిస్ వాళ్లొచ్చారు.
పాప అయస్కాంతం ముట్టుకుని వేళ్లు చూసుకుంది.
"ఇదేంటి ఆంటీ, మురికా?"
కాదన్నాను.
వాళ్ల నాన్న తేదీలడుగుతున్నాడు.
నా వేలు పటంమీద
ఇంకా కిందికి దిగలేదు.