పచ్చ చుక్కలు

పొద్దున్నే వస్తాయి సీసాలు,
కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్లు.
మూత మీద బాల్‌పెన్నుతో ఊరు, చెరువు నంబరు.
చెమటకి సగం చెరిగిపోయుంటుంది.

నా పని చిన్నది.
ఒక్క బొట్టు పళ్లెంలో పూయడం,
పెట్టెలో వెచ్చగా పడుకోబెట్టడం,
మర్నాడు లెక్కపెట్టడం.
పసుపు చుక్కలైతే, "ప్రస్తుతానికి పర్లేదండి."
పచ్చ చుక్కలైతే గొంతు తగ్గిస్తాను.
ఎదుట కూర్చున్న మనిషి అప్పటికే
ఎకరానికి ఎంత పోయిందో
వేళ్ల మీద కడుతుంటాడు.

ఆకివీడులో మా ల్యాబుకి ఏసీ ఉంది.
ఎదురు షెడ్డుకి లేదు.
అక్కడ సువార్తమ్మ, ఇంకో నలభై మంది
ఐసులో చేతులు పెట్టి
రొయ్య తలలు గిల్లుతారు.
ఆ ఐసు ఏ నీళ్లదో
ఐసుకి గుర్తుండదు.

కాలువలోంచి చెరువులోకి,
చెరువులోంచి మురుగు కోడులోకి,
కోడులోంచి కింది వాడి చెరువులోకి.
కింది వాడికీ ఒక కింది వాడుంటాడు.

మొన్న రొయ్య కొమ్ము గుచ్చుకుంది ఆవిడ చిటికెన వేలికి.
పసుపు అద్దుకుని పనిలోకి వచ్చేసింది.
మూడో రోజుకి వేలు వంకాయ రంగు.
ఐదో రోజుకి వాపు మణికట్టు దాకా.
భీమవరం ఆసుపత్రిలో వేలు తీసేశారు.
"ఆయ్, ఎడం చెయ్యేలే అమ్మా" అంది,
నన్నే ఓదారుస్తున్నట్టు.

ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే
షెడ్డు డ్రమ్ములోంచి ఒక బొట్టు తెచ్చాను.
వాళ్లు రొయ్య కడిగేదీ, చేతులు కడిగేదీ,
ఎండ ముదిరితే దోసిలి పట్టేదీ ఆ నీళ్లే.
మర్నాడు పళ్లెం నిండా నారుమడి.

మా రిపోర్టు కాయితంలో గళ్లు చాలా ఉన్నాయి:
విస్తీర్ణం, ఉప్పదనం, పిల్ల వేసి ఎన్ని రోజులు,
తోక ఎర్రబడిందా, పేగు ఖాళీగా ఉందా.
మనిషికి గడి లేదు.
రొయ్య వివరాలు అన్నచోట రాశాను:
సువార్తమ్మ, యాభై రెండేళ్లు, వేళ్లు తొమ్మిది.

ఓనరు చూశాడు.
ఇదేంటన్నాడు. దీనికి డబ్బులెవరిస్తారన్నాడు.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
మధ్యాహ్నం క్యారేజీ విప్పితే రొయ్యల ఇగురు.
మూత మళ్లీ పెట్టేశాడు.

"ఉడికితే చస్తాయండి, తినండి" అన్నాను.

అతను
నా చేతి తొడుగుల వంక చూస్తున్నాడు.